ఇనుము ఎందుకు వ్యాపించింది?

కంచు కంటే గట్టిది కనుకనే ఇనుము వ్యాపించిందని మీరు అనుకోవచ్చు. కానీ కార్బన్ చేరి ఉక్కుగా మారని ఇనుము మెత్తనిదే. పైగా దాన్ని తయారుచేయడం కష్టం. రాగి 1085 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. ఇనుము కరగడానికి 1538 డిగ్రీలు కావాలి. పశ్చిమాసియాలోని నాటి కొలిమి అంత వేడిని ఇవ్వలేదు. అందువల్ల ఖనిజాన్ని బొగ్గుతో కాల్చి, స్పంజి వంటి ముద్దను బయటికి తీసి, చిట్టెం పోయేవరకు సుత్తితో కొట్టేవారు.

మరి ఇంత శ్రమ ఎందుకు? కంచుకు కావలసిన తగరం కొద్దిచోట్లే దొరుకుతుంది. దూరప్రాంతాల నుంచి తెప్పించుకోవాలి. ఇనుప ఖనిజం చాలాచోట్ల లభిస్తుంది. క్రీ.పూ. 1200 తరువాత తూర్పు మధ్యధరా ప్రాంతంలో ఇనుము వాడకం పెరగడానికి ఇది తోడ్పడింది. క్రమంగా లోహం ఆయుధాలకే కాక, రైతు నాగలికర్రుకూ అందింది. ఇనుప యుగపు ప్రాముఖ్యాన్ని మీరు ఇక్కడ గుర్తించాలి.