ధర పెరిగిన చాలునా?

కోటగిరి రైతులు కొందరు కలిసి పసుపు సాగు, వ్యాపారము ఆరంభింపదలచిరనుకొందము. పసుపు భూమిలో సుమారు 8 నెలలుండును. అంచనా తప్పినచో ఏడాది కష్టము వృథా. మరి గిరాకీ పెరుగుచున్నదని తెలిసికొనుట యెట్లు?

2016 ఏప్రిల్ 14న 21 మార్కెట్లతో ప్రారంభమైన ‘ఈ-నామ్’ అను జాతీయ ఆన్‌లైన్ అంగడిలో నిజామాబాదు పసుపునకు కొనువారు కంప్యూటరుపైననో ఫోనుపైననో ధర పలుకుదురు. ఒకరు ఈ ధరలను, మరొకరు సాంగ్లీ ధరలను, ఇంకొకరు ఈరోడ్ ధరలను ఒకే ఉమ్మడి పట్టికలో వ్రాయవచ్చును. ఆ పట్టిక సర్వరు అను దూరపు కంప్యూటరులో నుండును. ఒకరు చేసిన మార్పు అచటికి చేరి, వెంటనే అందరి తెరలపై కనపడును.

కాని ధర యొక్కటే వ్రాసినచో మోసపోవుదుము. నిరుడు క్వింటాలు 10,000 రూపాయల వంతున 100 క్వింటాళ్లు అమ్ముడైనవనుకొనుడు. ఈ యేడు 12,000కు 80 క్వింటాళ్లే అమ్ముడైనచో అది పంట కొరత కావచ్చును. మరుసటి పంట రాగానే ధర పడిపోవచ్చును. అదే ధరకు 120 క్వింటాళ్లు అమ్ముడైనచో గిరాకీయే పెరిగినదన్నమాట. ఫిబ్రవరిని ఫిబ్రవరితోనే పోల్చవలెను. ఏలనన పంట చేతికి వచ్చు నెలలలో సరకు సహజముగనే ఎక్కువగా వచ్చును.

ధర, పరిమాణము రెండును కొన్నేండ్లు వరుసగా పెరిగినచో ముందడుగు వేయవచ్చును. మీ గ్రామపు సరకును తీసికొని, తరగతిలో ఇట్టి పట్టికను వ్రాసి చూడుడు.