పువ్వు రాలుట

తెల్లవారుసరికి పారిజాతము క్రింద నేల తెల్లబడి యుండును. గాలి కదలని రాత్రి గడచినను అంతే. పువ్వును రాల్చునది గాలి కాదు, మొక్కయే.

తొడిమ మొదట చిన్న కణములు కొన్ని వరుసలుగా గల పొర ఒకటి ఉండును. మందారము పువ్వుకు పువ్వుగా రాలును; గులాబి రేకులు విడివిడిగా రాలును. గులాబిలో ఈ పొర రేకురేకు మొదటను ఉండుటయే కారణము. సమయము వచ్చినప్పుడు అందలి కణములు ఎంజైములను స్రవించును. కణములను జిగురువలె అంటించి యుంచు పెక్టిన్ అను పదార్థమును అవి కరిగించును. పట్టు వదలిన పువ్వు తన బరువునకే జారిపడును.

ఆ సమయమును నిర్ణయించునది ఏది? లేత పువ్వునుండి ఆక్సిన్ అను హార్మోను తొడిమగుండ ఎడతెగక దిగుచున్నంత కాలము ఆ పొర నిద్రించుచున్నట్లే యుండును. ఆ ప్రవాహము సన్నగిల్లెనా, ఎథిలీన్ అను వాయువునకు అది లోబడును. మామిడికాయలను మగ్గించునదియు ఈ వాయువే. 1960 దశకములో పత్తికాయలనుండి వేరుచేసిన మరియొక హార్మోనుకు, రాలుటకు అదియే మూలమని తలచి, అబ్సిసిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. పెక్కు మొక్కలలో ప్రధానపాత్ర ఎథిలీన్‌దేనని పిమ్మట తేలినది. పేరు మాత్రము నిలిచిపోయినది!

కోలియస్ మొక్క ఆకును కోసి కాడను మాత్రము ఉంచినచో, ఆక్సిన్ అందక ఆ కాడ కొలది దినములలో రాలును. ప్రక్కనున్న నిండు ఆకు నిలిచియే యుండును. విద్యార్థులు దీనిని తరగతిలోనే చేసి చూడవచ్చును. జర్మనీ శాస్త్రజ్ఞుడు లైబాఖ్ 1933లో ఇట్టి కాడల కొనలకు ఆర్కిడ్ పుప్పొడి సారమును పూయగా, అవి రాలుట ఆలస్యమైనది. పుప్పొడి అందిన పువ్వు పిందెగా నిలుచుటలోని కిటుకు కొంత ఇందే యున్నది.

మిరపచేనిలో ఇది రైతు జీవనమునకు సంబంధించిన విషయము. ఎండ ముదిరి, తడి చాలనప్పుడు పువ్వునుండి ఆక్సిన్ ప్రవాహము తగ్గి, పూత రాలును. అందుకే నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లమను కృత్రిమ ఆక్సిన్‌ను పిచికారి చేయుదురు. 4.5 శాతపు మందు 1 మిల్లీలీటరును 4.5 లీటర్ల నీటిలో కలిపినచో, పదిలక్షల పాళ్లలో 10 పాళ్లు మాత్రమే మందు ఉండును. ఇంత కొంచెమా యని మోతాదు పెంచుట ప్రమాదము. ఆక్సిన్ మితిమీరినచో మొక్క తానే ఎథిలీన్‌ను అధికముగా తయారుచేయును. ఆపిల్ తోటలలో గుత్తులు పలుచన చేయుటకు, అనగా పిందెలను కావలెనని రాల్చుటకు, ఈ మందునే వాడుదురు. ఇక వాడుముఖము పట్టిన చేనికి ముందుగా కావలసినది తడియే; అది లేనిచోట మందు చల్లి లాభము లేదు.