చివుకని కుప్పయు, తగులబెట్టిన ఆకులును

హైటెక్ సిటీ చుట్టునున్న భవన సముదాయములలో వంటయింటి చెత్తతో చేయు కంపోస్టు సరిగా చివుకుట లేదనియు, దానిని తెచ్చి వేసిన మడులలో నారు పసుపుబాఱుచున్నదనియు చేవెళ్ల, శంకరపల్లి వైపు కూరగాయలు పండించు రైతులు కొందఱు మాకు తెలిపియున్నారు. ఇది ఉపేక్షింపదగిన మాట కాదు. మన చెలక నేలలలో సేంద్రియ పదార్థము స్వల్పము. పశువులు తగ్గిన కొలది పెంటయు తగ్గినది. పట్టణము నుండి మంచి ఎరువు రాగలిగినచో మనకు మేలే. పచ్చి ఎరువు వచ్చినచో పైరుకు కీడు.

మాదాపూరులో సైబర్ టవర్సు 1998లో ప్రారంభమైన తరువాత ఆ రాతిగుట్టల ప్రదేశమంతయు మేడలతో నిండినది. 2016 నాటి ఘన వ్యర్థముల నియమములు 5,000 చదరపు మీటర్లు మించిన ఆవరణములు తమ తడిచెత్తను సాధ్యమైనంత వఱకు లోపలనే మార్చుకొనవలెనని విధించెను. కావున పలుచోట్ల తొట్లు వెలసినవి. ఆ తొట్లలో పడునదేమి? మిగిలిన అన్నము, కూరగాయల తొక్కలు, పండ్ల పిప్పి. ఇవి నీటితో నిండినవి. తమ బరువుచే అణగి ముద్దయగును. గాలి చొరదు. అప్పుడు గాలి అక్కఱలేని సూక్ష్మజీవులు పెరిగి, పులుపును దుర్గంధమును పుట్టించును. ఆ పులుపే లేత వేళ్లను చెఱచునది.

కుప్ప చివుకుటకు నత్రజని ఒక పాలునకు కర్బనము 25 మొదలు 30 పాళ్లు ఉండవలెను. వంటయింటి చెత్తలో అంత కర్బనము లేదు. ఎండుటాకులో సమృద్ధిగా గలదు. అయినను ఆ ఆవరణములలోనే కానుగ, వేప, తురాయి ఆకులను ప్రతి యుదయము ఊడ్చి, సంచులకెత్తి పంపుచున్నారు, లేదా మూల నొకచోట తగులబెట్టుచున్నారు. పిదప తొట్టి చివుకుట లేదని పొడులు, ద్రావణములు కొనుచున్నారు! గాలి లేని చోట ఏ పొడియు పనిచేయదు. వాసన పోవుటకై సున్నము చల్లువారును గలరు. దానివలన నత్రజని అమోనియాగా ఎగిరిపోవును.

తడిచెత్త ఒక బకెట్టునకు ఎండుటాకు రెండు బకెట్లు వేసి కలుపవలెను. అన్నపు ముద్దలను చిదుపవలెను. కుప్ప ప్రతి ప్రక్కను మూడడుగులకు తక్కువైనచో వేడి నిలువదు. పిడికెడు తీసి పిండినచో రెండు మూడు చుక్కలు మాత్రమే రాలవలెను. ధార కట్టినచో ఇంకను ఆకు కలుపుడు, పొడిగానున్నచో నీరు చల్లుడు. వానకాలమున పైకప్పు తప్పనిసరి. ఇండోరులో ఆల్బర్టు హోవర్డు దొర 1924 మొదలు 1931 వఱకు పనిచేసి రూపొందించిన పద్ధతిలో కుప్పను మూడుమార్లు తిరుగవేసి, మూడు నెలలు మాగనిచ్చెడివారు. ఆ తొందరలేమియే నేటి తొట్లకు కఱవైనది.

బండి ఎత్తుటకు ముందు రైతు చేయవలసిన పరీక్ష యొకటి గలదు. తడి ఎరువు పిడికెడు సంచిలో మూతిగట్టి వారము దినములుంచి విప్పుడు. వానమట్టి వాసన వచ్చినచో మాగినది, ముక్కు మూసికొనవలసివచ్చినచో పచ్చిది. అనుమానము తీరనిచో ఆ ఎరువు కలిపిన మట్టిలో కొన్ని మెంతులను, వట్టి మట్టిలో కొన్నింటిని చల్లి మొలకలను పోల్చి చూడుడు.

పచ్చిదని తేలిన ఎరువును ఇదివఱకే తెచ్చియున్నచో పాఱవేయనక్కఱలేదు. నారుమడికి మాత్రము తగిలింపక, చెట్టునీడను ఎండుగడ్డితో కలిపి కుప్పవేసి, పదిదినములకొకమారు తిరుగవేయుచు, వేడి చల్లారి మంచి వాసన వచ్చు వఱకు వేచియుండుడు.