షుగరు మాత్ర కేన్సర్‌ను ఆపుతుందా?

షుగరు ఉన్నవారికి మెట్‌ఫార్మిన్‌ను పరిచయం చేయనక్కర్లేదు. 1957లో పారిస్ వైద్యుడు జాన్ స్టెర్న్ దీన్ని మధుమేహ రోగులకు ఇచ్చి చూసి ఫలితాలు ప్రచురించాడు. చవకైన మాత్ర. కేన్సర్‌తో దీని పేరు గట్టిగా ముడిపడింది 2005లో. స్కాట్లాండ్‌లోని డండీ పరిశోధకులు మధుమేహ రోగుల రికార్డులు తిరగేస్తే, ఈ మాత్ర వాడినవారిలో కేన్సర్ తక్కువగా కనిపించింది.

కారణమూ దొరికినట్టే అనిపించింది. మెట్‌ఫార్మిన్ కణంలోని మైటోకాండ్రియాలో శక్తి తయారీని తగ్గిస్తుంది. ఆ కొరతను పసిగట్టిన ఏఎంపీకే అనే ఎంజైమ్, కణాల పెరుగుదలకు ఊతమిచ్చే ఎంటార్‌ను అణచిపెడుతుంది. రక్తంలో ఇన్సులిన్ కూడా తగ్గుతుంది. అయితే ప్రయోగశాలలో కణాలపై చాలాసార్లు వాడిన మోతాదు, మాత్ర మింగిన మనిషి రక్తంలోకి చేరే మోతాదుకు ఎన్నో రెట్లు.

రికార్డుల లెక్కలోనూ చిక్కుంది. 2012లో మాంట్రియల్ పరిశోధకులు సమీ సుయిస్సా, లోరాన్ అజులే దాన్ని బయటపెట్టారు. ఒకరికి 2000లో షుగరు బయటపడి, 2004లో మెట్‌ఫార్మిన్ మొదలైందనుకోండి. ఆ నాలుగేళ్లూ కేన్సర్ రాలేదు కాబట్టే ఆయన ‘వాడినవారి’ జాబితాలోకి రాగలిగాడు. ఈలోపే కేన్సర్ వచ్చినవాడు ‘వాడనివారి’లో పడ్డాడు. మాత్ర మొదలుకాక ముందటి ఆరోగ్యాన్ని కూడా చాలా అధ్యయనాలు మాత్ర ఖాతాలోనే రాసేశాయి!

మాత్ర నిజంగా కేన్సర్‌పై పనిచేస్తుందో లేదో తేల్చడానికి కెనడా పరిశోధకుల నేతృత్వంలో ఒక పెద్ద పరీక్ష అప్పటికే 2010లో మొదలైంది. మధుమేహం లేని రొమ్ము కేన్సర్ రోగులు 3,649 మంది అందులో చేరారు. ఎవరికి అసలు మాత్ర, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. 850 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు, ఐదేళ్లు. 2022లో ఫలితం వెలువడింది. ప్రధాన విశ్లేషణలో కేన్సర్ తిరగబెట్టడంలో గానీ, మరణాల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆశపడ్డవాళ్లకు బాధ కలిగే మాటే. కానీ అన్నేళ్లు ఓపికగా మాత్రలు మింగి ఆ రోగులు మనకిచ్చిన ఈ జవాబుకు నేను ఎంతో విలువ ఇస్తాను.

ఆశ పూర్తిగా పోలేదు. జపాన్‌లో పెద్దపేగులోని పాలిప్‌లు (కొన్ని కేన్సర్‌గా మారగల చిన్న కండ పెరుగుదలలు) తీయించుకున్న 151 మందిపై జరిగిన పరీక్షలో, రోజుకు 250 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్ తీసుకున్నవారికి ఏడాదిలో పాలిప్‌లు మళ్లీ రావడం తగ్గింది. 2016 నాటి ఫలితమిది. పాలిప్ తగ్గడం, కేన్సర్ తగ్గడం ఒకటి కాదు గనుక ఇంకా పెద్ద పరీక్షలు కావాలి.

షుగరుకు ఈ మాత్ర వాడుతున్నవారు భయపడి మానొద్దు. షుగరు లేని కేన్సర్ రోగులు సొంతంగా మొదలుపెట్టొద్దు. సిస్‌ప్లాటిన్ వంటి కీమో మందులు కిడ్నీలను దెబ్బతీయవచ్చు. కిడ్నీలు బాగా బలహీనపడితే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుని ప్రాణం మీదికి తెచ్చే అవకాశముంది. కాబట్టి వాడుతుంటే ఆ సంగతి మీ కేన్సర్ డాక్టరుకు తప్పకుండా చెప్పండి.