నాయన తుపాకి

బ్యాంకు ఉద్యోగంలో చేరి ముప్పై ఏళ్ళు దాటాయి. ఆ ముప్పై ఏళ్ళూ తుపాకి పక్కనే కూర్చున్నానని చెప్పాలి. బ్రాంచి వాకిట్లో స్టూలు, స్టూలు మీద గార్డు, ఆయన చేతిలో పన్నెండు బోరు తుపాకి. మా తరానికి బ్యాంకు అంటే ఈ బొమ్మే. సాయంత్రం నగదు లెక్కలో పది రూపాయలు తేడా వస్తే నిద్రపట్టేది కాదు గానీ, ఆ తుపాకి సంగతి ఒక్కనాడూ ఆలోచించలేదు. దాన్ని మొదటిసారి ముట్టుకున్నది యాభై ఆరో ఏట. అదీ బ్యాంకు కోసం కాదు, బేరిగైలో ఒంటరిగా ఉన్న మా అమ్మ కోసం.

బేరిగై తెలియని పాఠకులకు ఒక మాట. హోసూరు నుంచి బాగలూరు మీదుగా వస్తే కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉండే ఊరు మాది. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, ఆఫీసులో తమిళం. రాగి, టమాటా, క్యాబేజీ పండిస్తారు. గులాబి తోటలూ ఉన్నాయి. మా ఇల్లు ఊళ్ళో కాదు, తోటలో. గట్టిగా కేక వేస్తే పక్క తోటవాళ్ళకు వినిపించవచ్చు, గాలి అటు వీస్తూ ఉంటే.

నాయన 1974లో జోడు గొట్టాల తుపాకి కొన్నాడు. అప్పుడు మాది ధర్మపురి జిల్లా. 2004లో కృష్ణగిరి జిల్లా వేరయింది. ఆయన లైసెన్సు పుస్తకంలో రెండు జిల్లాల ముద్రలూ ఉన్నాయి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని గోనెపట్టాలో చుట్టి స్టేషనులో అప్పగించి, రసీదు భద్రంగా పంచాంగంలో పెట్టుకునేవాడు. 2022లో ఆయన పోయాడు. మనిషితోపాటే లైసెన్సూ పోతుంది. వారసుల పేర కొత్తది వచ్చేదాకా తుపాకిని పోలీసు స్టేషనులోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో ఉంచాలని 1959 ఆయుధాల చట్టం. అట్లే చేశాం, చేసి మరిచిపోయాం.

2024 నవంబరులో పల్లడం దగ్గర ఒక తోట ఇంట్లో తల్లినీ తండ్రినీ కొడుకునూ చంపేశారు. ఈరోడు జిల్లా శివగిరి దగ్గర తోట ఇంట్లో ఉన్న వృద్ధ దంపతులను చంపిన సంగతి 2025 మే నెలలో బయటపడింది. మాకు ఆ ఊళ్ళు దూరమే. అయినా పేపర్లో ఆ ఇంటి బొమ్మ చూస్తే మా ఇల్లే గుర్తొచ్చింది. అదే పెంకుల వసారా, అదే కళ్ళం, అదే చింతచెట్టు. అమ్మకు అప్పటికి డెబ్భై ఎనిమిది. హోసూరుకు రమ్మంటే రాదు. "ఆవును ఎవురికి అప్పజెప్పేది?" అంటుంది. తమ్ముడు పట్టుబట్టాడు, నాయన తుపాకి నా పేర రాయించమని.

దరఖాస్తు పెట్టబోతే తెలిసింది, 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం కావాలట. ఒక రైఫిల్ క్లబ్బుకు వెళ్ళాను. అక్కడ శిక్షకుడికి సాయంగా ఉన్నది ఎవరనుకున్నారు? మా బ్రాంచిలో గార్డుగా చేసి రిటైరైన హవల్దారు! కుప్పం వైపు మనిషి. పదేళ్ళు నా దగ్గర సెలవు చీటీలు పెట్టుకున్నవాడు ఆ పూట నన్ను నిలబెట్టి, "సార్, వేలు తియ్యండి" అన్నాడు. ట్రిగ్గరు మీద వేలు పెట్టిన సంగతి నాకే తెలియదు.

మొదటి పూటంతా తూటా ఊసే లేదు. తుపాకి చేతికి రాగానే మడత విప్పి, రెండు గొట్టాల్లోంచి వెలుతురు చూడాలి. ఇంకొకరికి ఇచ్చేటప్పుడు విప్పే ఇవ్వాలి. తీసుకున్నవాడు మళ్ళీ తానే చూసుకోవాలి. ఇది నాకు బాగా నచ్చింది. నోట్ల కట్ట ఎవరిచ్చినా మళ్ళీ లెక్కపెట్టుకునే అలవాటు మాది. ట్రిగ్గర్లు రెండు, సాధారణంగా ముందుది కుడి గొట్టానికి, వెనకది ఎడమ గొట్టానికి. పన్నెండు బోరు అనే పేరు సంగతీ అప్పుడే తెలిసింది. ఒక పౌను సీసాన్ని సమానంగా పన్నెండు గుండ్లు చేస్తే, ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం అంత వెడల్పు. పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. ముప్పై ఏళ్ళు పక్కన పెట్టుకుని ఇది అడగలేదు చూడండి.

రెండో రోజు పేల్పించాడు. భుజానికి అదిమి పట్టకపోవడంతో మొదటి దెబ్బకే చంక పైన నల్లగా కమిలింది. ఇంట్లో రెండు రోజులు ఆముదం రాసింది. ఆ నొప్పి కంటే గోడకు కొట్టిన కాగితం ఎక్కువ ఆశ్చర్యపెట్టింది. ఇటువంటి తుపాకిని ఎటు చూపినా రవ్వలు గదంతా చిమ్మి తగులుతాయని నాకూ ఒక నమ్మకం ఉండేది, సినిమాల వల్ల. ఐదారు గజాల నుంచి కాల్చితే కాగితం మీద పడింది అరచేతిలో పట్టేంత బొక్క. "గజానికి అంగుళం లెక్కన విచ్చుకుంటాది సార్, అంతే. ఇంట్లో తప్పితే తప్పినట్టే. తగిలితే మళ్ళీ వెనక్కి తీసుకోలేరు" అన్నాడు.

ఇంటికి పోయి ఒక పని చేయమన్నాడు. రాత్రి దీపాలార్పి, మంచం మీద నుంచి లేచి, బీరువా తాళం తీసి, తుపాకికి బదులు ఒక కర్ర తీసుకుని, వేరే చోట పెట్టిన తూటాలకు బదులు రెండు బ్యాటరీలు తీసుకుని తలుపు దాకా రావాలి. నాయన చేతికర్రతో చేశాను. కళ్ళజోడు వెతుక్కోవడంతో కలిపి ఒక నిమిషం నలభై సెకన్లు. అమ్మ మంచం నుంచి వీధి తలుపుకు పదకొండు అడుగులు. ఈ రెండు లెక్కలూ కాగితం మీద రాసి చూపిస్తే ఆయన నవ్వలేదు. "ముందు టార్చి, తర్వాత గొంతు. ఎవరో తెలిసేదాకా తూటా వెయ్యొద్దు" అని మాత్రం అన్నాడు. చట్టం మాటా చెప్పాడు. 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోనూ, అంతకు ముందున్న శిక్షాస్మృతిలోనూ ఆత్మరక్షణ హక్కు ఉంది. అయితే రక్షణకు అవసరమైన దానికి మించి హాని చేయరాదు. ఎంత అవసరమో తర్వాత కోర్టువారు వెలుతురులో కూర్చుని తేలుస్తారు. మనం తేల్చుకోవలసింది చీకట్లో.

లైసెన్సు వచ్చింది, తుపాకి ఇంటికి చేరింది. ఊళ్ళో కొందరు ఏనుగులకూ పనికొస్తుందన్నారు. పనికిరాదు. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువది. పొలంలోకి వస్తే అటవీశాఖకు ఫోను చెయ్యాలి గానీ తుపాకి తియ్యరాదు.

ఇక రాయడానికి సిగ్గుపడే సంగతి. కార్తీకమాసంలో ఒక శనివారం తోటలో పడుకున్నాను. రాత్రి రెండు గంటలకు కుక్క అరిచింది. కిటికీలోంచి చూస్తే కళ్ళం దాటి ఒక టార్చి వెలుతురు ఇంటివైపే వస్తోంది. బీరువా, తాళం, కళ్ళజోడు. అన్నీ వరసగా జరిగాయి. ఒక్కటి మాత్రం తప్పింది. ఎవరో తెలియకముందే రెండు తూటాలూ వేసి మూసేశాను. ఎప్పుడు వేశానో ఇప్పటికీ గుర్తు లేదు. తలుపు వెనక నిలబడి "ఎవరది?" అని అరిచాను. జవాబు లేదు. మళ్ళీ అరిచాను.

"నేనే పెద్దయ్యా. త్రీ ఫేజు వచ్చింది, మోటరెయ్యను వచ్చినా."

మా తోట చూసుకునే అతని కొడుకు. తండ్రికి జ్వరం, అందుకని వాడొచ్చాడు. ఎప్పుడూ వెనక గట్టు మీద నుంచి వెళ్ళే తండ్రి దారి వాడికి తెలియదు. చెవుల్లో పాటల వైరు, అందుకే మొదటి కేక వినలేదు. పంతొమ్మిదేళ్ళు. ఇంజనీరింగు రెండో సంవత్సరం, మా బ్యాంకులోనే చదువు అప్పు. కాగితాల మీద సంతకం నాదే.

తుపాకి మడత విప్పడానికి చేతులు రాలేదు. ఎట్లాగో విప్పి తూటాలు తీసి జేబులో వేసుకుని తలుపు తీశాను. వాడు నీళ్ళు అడిగాడు. చెంబుతో ఇచ్చాను. వాడికి ఏమీ చెప్పలేదు, ఈనాటికీ చెప్పలేదు. లోపలి నుంచి అమ్మ, "మోటరు కరెంటు రేత్రిపూటే గదరా వచ్చేది, నీకు తెలీదా?" అంది. రైతు కొడుకును. తెలుసు. బ్యాంకులో కూర్చుని మరిచిపోయాను.

తెల్లవారి హవల్దారుకు ఫోను చేశాను.

"వేలు యాడుండె సార్?"

"బయటే."

"తూటాలు?"

నేను మాట్లాడలేదు. ఆయనా కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆదివారం రమ్మన్నాడు. మొదటి పాఠం నుంచి మళ్ళీ మొదలుపెట్టించాడు.

వసారాకు ఇనుప గ్రిల్లు వేయించాం. చింతచెట్టు కింద మనిషి కదిలితే వెలిగే దీపం పెట్టించాం. చుట్టుపక్కల ఐదు తోటల ఫోను నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం, అమ్మకు కనిపించేలా. వీటన్నిటికీ అయిన ఖర్చు తుపాకి కోసం తిరిగిన ఖర్చు కంటే తక్కువే. తుపాకి బీరువాలోనే ఉంది. తమ్ముడు ఉంచమంటాడు, నా భార్య డీలరుకు ఇచ్చేయమంటుంది, నేను నెలకొకసారి గొట్టాలు తుడిచి నూనె రాస్తున్నాను.

ఆ అబ్బాయికి మాత్రం ఒకటి చెప్పాను, రాత్రిపూట తోటకు వస్తే ముందు నాకు ఒక మిస్డ్ కాల్ ఇవ్వమని. కారణం అడగలేదు. నేను హోసూరులో ఉన్నానో బేరిగైలో ఉన్నానో వాడికేం తెలుసు? ఎక్కడున్నా రాత్రి రెండింటికి ఫోను మోగుతుంది. ఇంట్లో విసుక్కుంటారు. నేను వద్దని చెప్పలేదు.