మీసాల అమ్మ చెప్పిన కథలు

మొన్న వేసవిలో కోయంబత్తూరులో మా దగ్గర బంధువుల ఇంట నాలుగు రోజులున్నాము. ఒక రాత్రి కరెంటు పోయింది. ఎనిమిదేళ్ల పాప వాళ్ల అవ్వ దగ్గరకు జరిగి, కథ చెప్పమని అడిగింది. ఆవిడ కాస్త నొచ్చుకుని, "నాకు తెలుగు చదవను రాదు గదా కన్నా, మీ నాయనను చదివి చెప్పమను" అన్నది.

ఆవిడ చదువుకున్నది తమిళ బడిలో. ఇంట్లో మాట తెలుగు, బడిలో రాత తమిళం. రాష్ట్రాంతరంలో స్థిరపడిన మన కుటుంబాల్లో తరతరాలుగా జరుగుతున్నదే ఇది. మాకు ఆశ్చర్యం కలిగించింది అది కాదు. కథ అనేది పుస్తకంలో ఉంటుందనీ, చదవడం వస్తే తప్ప చెప్పలేమనీ ఆవిడ అనుకోవడమే మాకు వింతగా తోచింది. చిన్నప్పుడు ఆవిడకు రోజూ కథలు చెప్పి నిద్రపుచ్చిన జేజికి ఏ లిపీ రాదన్న సంగతి ఆ క్షణాన ఆవిడకు గుర్తు రాలేదు.

మాకు మాత్రం గిజుభాయి జ్ఞాపకం వచ్చారు. మన పాఠకుల్లో ఆయన పేరు విన్నవారు కొద్దిమందే కావచ్చు. మహారాష్ట్రంలోనూ బరోడా, సూరతు వైపూ ఉన్న మనవాళ్లకు మాత్రం తప్పక తెలిసి ఉంటుంది. గుజరాతీ పిల్లలు ఆయనను పిలిచిన పేరు "మూఛాళీ మా". అంటే మీసాల అమ్మ. గుబురు మీసాల పెద్దమనిషిని పిల్లలు అమ్మా అని పిలవాలంటే ఆయన ఎలాంటివాడై ఉండాలో చదువరులే ఊహించుకోవచ్చు.

అసలు పేరు గిరిజాశంకర్ భగవాన్‌జీ బధేకా. 1885 నవంబరు 15న సౌరాష్ట్రంలోని చితల్ గ్రామంలో పుట్టారు. కాలేజీ చదువు పూర్తి కాకుండానే 1907లో బతుకుతెరువు కోసం తూర్పు ఆఫ్రికాకు ఓడ ఎక్కారు. రెండేళ్లకు తిరిగి వచ్చి, బొంబాయిలో లా చదివి, వఢవాణ్‌లో ప్లీడరీ పెట్టారు. ప్రాక్టీసు బాగానే సాగింది. అలాగే సాగి ఉంటే ఆయన పేరు ఆ ఊరి కోర్టు దస్తరాల్లో ఉండిపోయేది.

1913లో కొడుకు పుట్టాడు. తండ్రికి దిగులు పట్టుకుంది. తాను చదివిన బడి గుర్తుంది: బెత్తం, వల్లె వేయడం, భయం. బిడ్డను అలాంటి చోటికి ఎలా పంపడం? మన అందరికీ కలిగే దిగులే ఇది. ఫీజు కట్టి వచ్చి మరచిపోతాము. ఆయన మరచిపోలేదు. ఊరూరూ తిరిగి బళ్లు చూశారు. మోతీభాయి అమీన్ అనే విద్యాభిమాని ద్వారా మాంటిస్సోరీ పద్ధతిని గురించిన పుస్తకం చేతికి వచ్చింది. కొడుకు కోసం మొదలైన వెతుకులాట ఊరి పిల్లలందరి కోసం అయింది. 1916లో ప్లీడరీ మాని, నానాభాయి భట్ భావనగర్‌లో స్థాపించిన దక్షిణామూర్తి విద్యార్థి భవనంలో చేరారు. 1920లో అక్కడే పసిపిల్లల కోసం బాలమందిరం తెరిచారు.

ఇక్కడొక చిక్కు ఉంది. మేము ఆయనను ఇష్టపడడానికి ఈ చిక్కే ముఖ్య కారణం. ఇటలీ దేశపు మేరియా మాంటిస్సోరీ గారు ఆయనకు గురుతుల్యురాలు. అయితే రాకుమారులూ రాక్షసులూ ఉండే కట్టుకథలను మరీ పసివాళ్లకు చెప్పడం ఆమెకు ఇష్టం లేదు. నిజమేదో కల్పన ఏదో తెలియని వయసులో అవి మనసును తికమక పెడతాయని ఆమె అభిప్రాయం. గిజుభాయి ఆమె పరికరాలను తీసుకున్నారు, బిడ్డను గౌరవించడం నేర్చుకున్నారు, కాని కథను వదలలేదు. కాఠియావాడు పల్లెల్లో ముసలమ్మలు చెప్పే కథలనూ, పాటలనూ, ఆటలనూ బాలమందిరంలోకి తెచ్చారు. గురువు మాటకు తలవంచి, తన ఊరి అవ్వలను గడప బయట నిలబెట్టలేదు.

బాలమందిరంలో చెప్పడానికి కథలు కావాలి గదా! అప్పటికి గుజరాతీలో పిల్లల కోసం అచ్చయిన పుస్తకాలు బహు తక్కువ. నోటి కథలను ఏరి తెచ్చి, పిల్లలకు చెప్పి చూసి, వాళ్ల చెవికి నచ్చిన తీరులో రాశారు. చిన్నవీ పెద్దవీ కలిపి ఆయన పుస్తకాలు సుమారు రెండు వందలు అంటారు. గుజరాతీ సాహిత్యంలో పేరున్న రంజిత్‌రామ్ సువర్ణ చంద్రకం మొదటిసారి 1928లో జానపద సాహిత్య సేకర్త ఝవేర్‌చంద్ మేఘాణీకి దక్కితే, మరుసటి ఏడు గిజుభాయికి దక్కింది. వీరగాథలు ఏరిన మేఘాణీ సరసన, ఎలుక కథలూ కాకి కథలూ రాసిన మనిషిని కూర్చోబెట్టారన్నమాట. గుజరాతీయుల రసజ్ఞత మెచ్చుకోదగ్గది.

ఆ ఎలుక కథ చెప్పకుండా ముందుకు పోలేము. ఏడు తోకల ఎలుక పిల్ల ఒకటి బడికి పోతుంది. ఏడు తోకలని తోటివాళ్లు వెక్కిరిస్తే, ఏడుస్తూ ఇంటికి వచ్చి, మంగలి చేత ఒకటి కత్తిరించుకుంటుంది. మర్నాడు ఆరు తోకలని వెక్కిరిస్తారు. అలా రోజుకొకటి పోయి, చివరకు ఒక్కటీ లేకుండా పోతుంది. అప్పుడు తోక లేనిదని వెక్కిరిస్తారు! ఏడు నుంచి వెనక్కి లెక్కపెట్టడం బిడ్డకు తెలియకుండానే వచ్చేస్తుంది. లోకుల మాట పట్టుకుని తోకలు కోసుకున్నవాళ్లు మన పెద్దల్లో ఎందరు లేరు? అయినా గిజుభాయి ఆ మాట పిల్లలతో అనరు. కథ చివర నీతిని అతికించడం ఆయనకు గిట్టదు.

వంకాయల కథ ఇంకొకటి. వంకాయలంటే ఇష్టపడే భార్య కోసం ఒకాయన పరాయి తోటలోకి పోతాడు. దొంగతనం పాపం గనుక తోటనే అనుమతి అడుగుతాడు; తోట తరఫున తానే సరే అంటాడు. రోజూ ఇదే తంతు. చివరకు తోటమాలి పట్టుకుని, నడుముకు తాడు కట్టి, బావిలోకి దించుతాడు. ఎన్ని మునకలు వేయించమంటావని బావిని అడిగి, బావి తరఫున తానే జవాబు చెప్పి, ముంచుతాడు! ఈ కథ విన్న పిల్లలు ఇంట్లో చక్కెర డబ్బాను అనుమతి అడగడం మొదలుపెడితే మాది పూచీ కాదు.

నోటి కథలన్నీ పసిబిడ్డలకు పనికివస్తాయని మేము అనము. ఒక కులాన్ని ఎగతాళి చేసేవి, భార్యను కొట్టడం వేడుకగా చెప్పేవి ఏ భాషలోనైనా ఉన్నాయి. మన అవ్వల సంచిలోనూ ఉన్నాయి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరుకోవలసిందే.

కథ చెప్పడం కూడా ఒక విద్య అని నమ్మి, గిజుభాయి "వార్తానుఁ శాస్త్ర" అనే గ్రంథం రాశారు. ఏ వయసుకు ఏ కథ, ఎలా ఎన్నుకోవాలి, ఎలా చెప్పాలి అని ఉపాధ్యాయుల కోసం విచారించిన పుస్తకం అది. అయితే ఆయన మనసు తెలియాలంటే 1932 నాటి "దివాస్వప్న" చదవాలి. కాశీనాథ్ త్రివేది హిందీలోకి మార్చారు. తెలుగులో "పగటికల"గా వచ్చింది.

అందులో ఒక కొత్త ఉపాధ్యాయుడు విద్యాధికారి దగ్గరకు పోయి, ఒక్క ఏడాది నాలుగో తరగతి నాకు ఇచ్చి చూడండి అని బతిమాలుతాడు. అధికారి నవ్వుకుంటూనే ఒప్పుకుంటాడు. ఏడాది చివర పరీక్ష మాత్రం తప్పదంటాడు. మొదటి రోజు మన కొత్త పంతులు, పుస్తకాల్లో చదివి వచ్చిన మౌనపు ఆట ఆడిద్దామని తలుపులు మూయిస్తాడు. పిల్లలు కేకలు, చప్పట్లు, గంతులు! పక్క తరగతులన్నీ అదిరిపోతాయి. వేళకు ముందే పిల్లలను ఇంటికి పంపేసి, హెడ్మాస్టరు చేత చీవాట్లు తింటాడు. తన విద్యను గురించి రాసేవారు సాధారణంగా గెలుపుతో మొదలుపెడతారు. గిజుభాయి తన పాత్రను మొదటి రోజే ఓడించారు. మాకు ఆ నిజాయితీ నచ్చింది.

రెండో రోజు ఆ పంతులు కథ ఎత్తుకుంటాడు. గోల చేసిన పిల్లలే నోళ్లు తెరుచుకుని కూర్చుంటారు. గంట కొట్టినా లేవరు. ఆ కథ రోజుల తరబడి సాగుతుంది. తోటి ఉపాధ్యాయులకు ఒళ్లు మంట: పాఠాలు ఎప్పుడు చెబుతావయ్యా అని. ఆయన మాత్రం కథ పట్టుకునే క్రమశిక్షణ తెస్తాడు, కథ పట్టుకునే పుస్తకాల మీదికి పిల్లలను మళ్లిస్తాడు. తరగతిలో ఒక చిన్న గ్రంథాలయం తయారవుతుంది. చెవితో కథ మరిగినవాడు, చెప్పేవాడు దొరకని వేళ, తానే అక్షరాల వెంట పడతాడు. ముందు చెవి, తరువాత కన్ను. గిజుభాయి చూపిన వరుస ఇది.

మనం ఈ వరుసను తలకిందులు చేశామేమోనని మా అనుమానం. బిడ్డకు తెలుగు రావాలంటే ముందు ఓనమాలు దిద్దించాలని ఆదివారం తరగతులు పెడతాము. మంచిదే, మానమనము. నాలుగు వారాలు వచ్చి అయిదో వారం పిల్లలు ఎగ్గొడితే బాధపడతాము. ఆ అక్షరాల అవతల ఏమి దాగి ఉందో వాళ్లకు రుచి చూపించామా? మదరాసులో న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియోలో అన్నయ్య, అక్కయ్యలై పిల్లలను పిలిచిన కాలం ఉండేది; 1945లో "బాల" పత్రిక అక్కడే పుట్టింది. 1947 జూలైలో "చందమామ" కూడా ఆ ఊరి నుంచే బయలుదేరింది. ఇప్పుడు ఆ పత్రికలు లేవు. నోరు మాత్రం ఉన్నది గదా!

గిజుభాయితో తొమ్మిదేళ్లు పనిచేసిన తారాబాయి మోడక్ బొంబాయిలో పుట్టినావిడ. 1926లో ఇద్దరూ కలిసి నూతన బాల శిక్షణ సంఘాన్ని స్థాపించారు. తరువాత ఆవిడ అప్పటి ఠాణా జిల్లాలోని బోర్డీ గ్రామానికీ, 1957లో కోస్‌బాడ్ కొండకూ వెళ్లి, అనుతాయి వాఘ్‌తో కలిసి వార్లీ గిరిజన బిడ్డల కోసం పనిచేశారు. బడికి రాని పిల్లలున్న చోటికి బడినే తీసుకుపోయారు, పశువులు మేపే బయళ్లకు కూడా. 1962లో ఆమెకు పద్మభూషణ్ బిరుదు వచ్చింది.

గిజుభాయి అంతకాలం బతకలేదు. 1936లో దక్షిణామూర్తిని వదిలి, రాజకోటలో ఉపాధ్యాయుల శిక్షణాలయం నడపబోయి, 1939 జూన్ 23న కన్నుమూశారు. యాభై మూడేళ్లు. ఆ ఏడాది చివరలోనే మాంటిస్సోరీ గారు మన దేశానికి వచ్చి, మదరాసులో అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించారు. కొద్ది నెలల్లో తప్పిపోయింది. కట్టుకథలను గురించి వారిద్దరూ ఎదురెదురుగా కూర్చుని వాదించుకుంటే వినాలని మాకెంత ఆశగా ఉందో చెప్పలేము.

కోయంబత్తూరు సంగతి మధ్యలో వదిలాము. మర్నాటి రాత్రి కరెంటు ఉన్నా దీపం ఆర్పించి, గిజుభాయి రాసిన కథల్లో చేట చెవుల రాజు కథ మేమే మొదలుపెట్టాము. రాజుగారి చెవులు చేటలంత. ఆ గుట్టు మంగలికి తెలుస్తుంది. కడుపులో దాచుకోలేక పోయి చెట్టుకు చెప్పుకుంటాడు. ఆ చెట్టు కర్రతో చేసిన వాద్యాలు నిండు సభలో గుట్టు బయటపెడతాయి. మేము చెట్టు దాకా వచ్చామో లేదో, అవ్వ అడ్డం వచ్చింది. "అట్ల కాదు, మా జేజి చెప్పిందాంట్లో గాడిద చెవులు" అని తానే ఎత్తుకున్నది. మధ్యలో రెండు చోట్ల మరచిపోయి, తమిళంలోకి జారి, మళ్లీ తెలుగులోకి వచ్చింది. మొత్తానికి ముగించింది.

పాప కాసేపు ఆలోచించి, "అవ్వా, చేట అంటే ఏమి?" అని అడిగింది. అవ్వ జవాబు చెప్పలేదు. దీపం వేసి, కొడుకును లేపి, అటక మీది నుంచి పాత చేట దించమన్నది.