బేస్ యాడ పోయింది?

కారులో కొత్త స్టీరియో వేయించుకున్న రోజే కంపెనీ సబ్‌వూఫర్ మూగబోతుంది. ‘అది పోయింది, కొత్తది కొనుక్కోండి’ అన్న మాట వినగానే డబ్బు తీయకండి. చాలాసార్లు అది బతికే ఉంటుంది. దాన్ని నిద్ర లేపాల్సిన వైరు ఒకటి డ్యాష్‌బోర్డు వెనక ఊరికే పడి ఉంటుంది.

కొలిమిగుండ్లలో మా బావ ఇంటి ముందు నాపరాళ్లు పరిచిన అరుగు మీద కూర్చుని ఉన్నా. బావ అప్పుడే టౌన్ నుంచి వచ్చి కారు ఆపాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆ కారుకు ఆ రోజే పెద్ద టచ్ స్క్రీన్ స్టీరియో వేయించుకున్నాడు. స్క్రీన్ తళతళలాడుతోంది. ఫోన్ కలిసింది, రివర్స్ కెమెరా కనిపిస్తోంది. మురిపెంగా ఒక పాట పెట్టాడు. గాయని గొంతు వినిపించింది, వేణువు వినిపించింది. దరువు మాత్రం లేదు.

“బేస్ యాడ పోయింది బావా?” అన్నా.

“వూఫర్ పోయిందంటప్పా. షాపులో ఆయప్ప చెప్పినాడు. కొత్తది ఏసుకోవాలంట.”

“పొద్దున నువ్వు పోయేటప్పుడు మోగుతాండె గదా?”

బావ కాసేపు ఆలోచించాడు. “అవును, మోగుతాండె.”

పొద్దున మోగిన వూఫర్ మధ్యాహ్నానికి ఎట్లా పోతుంది? బండికి దెబ్బ తగల్లేదు, నీళ్లు పడలేదు. మారింది ముందున్న స్టీరియో ఒక్కటే. అయినా తప్పు డిక్కీలో ఉన్నదాని మీదికి వెళ్లింది. ఊరూరా కార్లలో జరుగుతున్నది ఇదే. బాగున్న వస్తువుకు చావు చీటీ రాసి పక్కన పెడుతున్నాం. అది నాకు బాధగా ఉంటుంది. అందుకే ఈ కథనం.

పెనుకొండ కార్లలో బెంగాలీ పేరు

ఒకప్పుడు కారులో బేస్ కావాలంటే డిక్కీ నిండా పెద్ద పెట్టె బిగించుకోవాల్సిందే. సామానుకు చోటుండేది కాదు. ఇప్పుడు కంపెనీ వాళ్లే కంటికి కనపడకుండా అమర్చి ఇస్తున్నారు. మన రాయలసీమలోనే, పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో బయటికి వచ్చిన సెల్టోస్ పై వేరియంట్లలో బోస్ కంపెనీ 8 స్పీకర్ల ఏర్పాటు ఉంది. అందులో సబ్‌వూఫర్ ఒకటి. టాటా హారియర్ పై వేరియంట్లలో జేబీఎల్ 9 స్పీకర్లు, మహీంద్రా ఎక్స్‌యూవీ700 పై వేరియంట్లలో సోనీ 12 స్పీకర్లు వచ్చాయి. వాటిలోనూ సబ్‌వూఫర్ ఉంది.

ఈ పద్ధతికి దారి వేసినవాళ్లలో ముఖ్యుడు అమర్ బోస్. స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొని అమెరికా చేరిన బెంగాలీ నోనీ గోపాల్ బోస్ కొడుకు. 1929లో ఫిలడెల్ఫియాలో పుట్టి, ఎంఐటీలో పాఠాలు చెబుతూ 1964లో సొంత కంపెనీ పెట్టాడు. జనరల్ మోటార్స్‌తో కలిసి 1983 మోడల్ కాడిలాక్ సెవిల్ వంటి కార్లకు ఆయన కంపెనీ చేసిన పని, ఒక్కో కారు లోపలి ఆకారాన్ని బట్టి ధ్వనిని దిద్దడం. సీటు ఎక్కడుంది, అద్దం ఎంత వాలుగా ఉంది, గుడ్డ ఎంత శబ్దం పీల్చుకుంటుంది అన్నీ లెక్కలోకి తీసుకుని స్పీకర్లనూ ఆంప్లిఫయర్‌నూ కలిపే తయారుచేశారు. మన ముందున్న చిక్కుకు మూలం కూడా ఇక్కడే ఉంది. కలిపి తయారుచేసిన వాటిలోంచి ఒకదాన్ని పీకేస్తే మిగిలినవి దారి తప్పుతాయి.

ఒక్క అల, రెండు కార్ల పొడవు

సబ్‌వూఫర్ చేసే పని చిన్నది కాదు. మన చెవికి అందే శబ్దాల్లో అట్టడుగున ఉండేవి, సుమారు 20 నుంచి 80 హెర్ట్జ్ దాకా, దాని వంతు. డప్పు దరువులోని గుండె, ఉరుముల వాద్యంలోని గర్జన అక్కడే ఉంటాయి. సెకనుకు 40 సార్లు ఊగే శబ్దం తీసుకుంటే, గాలిలో దాని ఒక్క అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. రెండు సెల్టోస్‌లను ఒకదాని వెనక ఒకటి నిలబెట్టినంత! తలుపులోని స్పీకరు అంత గాలిని తోయలేదు. అందుకే ఆ పని ఒక పెద్ద కోనుకు, దాన్ని నడిపే ఆంప్లిఫయర్‌కు అప్పగిస్తారు.

‘కొత్తది వేసుకుంటే సరిపోదా?’ అంటారు. దీనికి జవాబు మా ఊరి దగ్గరే ఉంది. మా కొలిమిగుండ్ల మండలంలోనే బెలుం గుహలున్నాయి. 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహల్లో సప్తస్వరాల గుహ అని ఒకటుంది. పైనుంచి వేలాడే సున్నపురాయి స్తంభాలను కర్రతో మెల్లగా తడితే లోహం మోగినట్టు మోగుతాయి. ఒక్కోదానిది ఒక్కో స్వరం. పొడవు, మందం, ఆకారం మారితే స్వరం మారిపోతుంది. వూఫర్ సంగతీ అంతే. దాని వెనకున్న పెట్టెలో ఎంత గాలి పడుతుందో లెక్కగట్టి కోను తయారుచేస్తారు. ఆ రెంటికీ తగ్గట్టు ఆంప్లిఫయర్‌ను దిద్దుతారు. బజారులో దొరికిన మరో వూఫర్‌ను అదే గూట్లో కూర్చోబెడితే సైజు సరిపోవచ్చు. స్వరం కుదరాలని లేదు.

గోడ గడియారం సెల్లుతో

బావ కారులో తలుపుల స్పీకర్లను స్టీరియోనే నడుపుతుంది. వూఫర్‌కు మాత్రం సీటు కింద విడిగా ఒక ఆంప్లిఫయర్ ఉంది. మొదట స్టీరియో సెట్టింగులు చూశాం. సబ్‌వూఫర్ ఆఫ్‌లో ఉంటే ఆన్ చేశాం. మోగలేదు.

డిక్కీ తెరిచి వూఫర్ కప్లర్ ఊడదీశాం. ఇంట్లో గోడ గడియారంలోంచి ఒకటిన్నర వోల్టుల సెల్లు తెచ్చి, రెండు చిన్న వైరు ముక్కలతో వూఫర్ పిన్నులకు ఒక్క క్షణం తాకించా. ‘టప్’మంది. బావ వేలు కోను అంచు మీదే ఉంది. “కదిలిందిరా!” అన్నాడు. కదిలిందంటే కాయిల్ తెగలేదు. అది బతికే ఉంది. సెల్లు ప్లస్సును వూఫర్ ప్లస్సుకు తాకిస్తే కోను బయటికి రావాలి. వచ్చింది.

తర్వాత మల్టీమీటర్ తీశా. ఆంప్లిఫయర్ దగ్గర బ్యాటరీ వైరులో 12 వోల్టులకు పైగా ఉంది. ఎర్త్ గట్టిగా ఉంది. మూడోది, ఆంప్లిఫయర్‌ను నిద్ర లేపే రిమోట్ వైరు. అక్కడ సున్నా. స్టీరియో ఆన్‌లో ఉన్నా సున్నానే.

దొంగ దొరికినట్టే. స్టీరియో బయటికి లాగి వెనక వెతికితే, నీలం మీద తెల్ల గీత ఉన్న వైరు ఒకటి నల్ల టేపు చుట్టుకుని ఏ దిక్కూ లేకుండా ఉంది. దాన్ని కారు వైపు రిమోట్ వైరుతో కలిపాం. మీటర్ 12 దాటింది. బావ పాట పెట్టాడు. వెనక అద్దం సన్నగా అదిరింది. ఆయన ముఖంలో వెలుగు చూసి నాకు కడుపు నిండిపోయింది.

వూఫర్ అడిగే మూడు ప్రశ్నలు

అందరి కారులోనూ ఇంత తేలిగ్గా తేలదు. కానీ వెతికే దారి ఒక్కటే. మోగని వూఫర్ తరఫున మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

నన్ను లేపారా? ఆంప్లిఫయర్ ఎప్పుడూ మేలుకుని ఉంటే బ్యాటరీ తాగేస్తుంది. అందుకే స్టీరియో వెలిగినప్పుడు రిమోట్ వైరు ద్వారా 12 వోల్టుల కబురు అందుతుంది. బయట కొనే స్టీరియోల్లో ఇది నీలం-తెలుపు వైరు. పక్కనే ఉత్త నీలం వైరు కూడా ఉంటుంది. అది యాంటెన్నాకు. చాలా సెట్లలో రేడియో పెట్టినప్పుడే దానికి కరెంటు వస్తుంది. ఈ రెండూ తారుమారైతే ఎఫ్‌ఎం పెట్టినప్పుడు బేస్ వస్తుంది, ఫోన్ పాటకు రాదు. కొన్ని కార్లలో లేపే కబురు వైరులో రాదు, కారు కంప్యూటర్ల మధ్య నడిచే డేటా లైనులో వస్తుంది. అలాంటి కారులో ఆ భాష తెలిసిన ఇంటర్‌ఫేస్ మాడ్యూల్ లేకుండా కొత్త స్టీరియో ఎంత అరిచినా ఆంప్లిఫయర్ లేవదు.

నాకు పాట అందిందా? కొన్ని కార్లలో తలుపుల స్పీకర్లూ వూఫరూ అన్నీ ఒకే కంపెనీ ఆంప్లిఫయర్ మీద నడుస్తాయి. అది లేవకపోతే కారంతా మూగ. అప్పుడు కొందరు అడ్డదారి పడతారు. ఆంప్లిఫయర్‌ను పక్కన పెట్టి, స్టీరియో నుంచి నేరుగా తలుపుల స్పీకర్లకు వైర్లు లాగేస్తారు. పాట వస్తుంది, వూఫర్ అనాథ అవుతుంది. పైగా కొన్ని కంపెనీ స్పీకర్ల నిరోధం 2 ఓమ్‌లు, అంతకంటే తక్కువ కూడా ఉంటుంది. 4 ఓమ్‌ల స్పీకర్ల కోసం చేసిన స్టీరియోను వాటికి కలిపితే వేడెక్కి లోపలి ఐసీ కాలిపోవచ్చు. అట్టపెట్టె మీద ‘50 వాట్లు నాలుగు’ అని రాసి ఉన్నా, నిలకడగా ఇచ్చేది అందులో సగం కూడా ఉండదు.

సరైన దారి ఆంప్లిఫయర్‌ను ఉంచుకోవడమే. అది స్పీకర్ స్థాయి సిగ్నల్ తీసుకునేదా, ప్రీ-అవుట్ నుంచి వచ్చే సన్నని సిగ్నల్ తీసుకునేదా తెలుసుకోవాలి. బలమైనదాన్ని సన్నని దారిలో పంపితే శబ్దం చీలుతుంది, ఆంప్లిఫయర్ దెబ్బతినవచ్చు. సన్నని దాన్ని బలమైన దారిలో పంపితే వినపడీ వినపడనట్టుంటుంది. మధ్యలో స్థాయిని సరిచేసే కన్వర్టర్ ఉంటుంది. కారు మోడల్‌కు తగ్గ హార్నెస్‌లు కూడా దొరుకుతాయి. ఇంకో జాగ్రత్త. స్టీరియో స్పీకర్ మైనస్ వైరును ఎప్పుడూ బాడీకి ఎర్త్ చేయకూడదు. ఇప్పటి సెట్లలో ఆ వైరులోనూ సిగ్నల్ ఉంటుంది. ఎర్త్ తగిలితే సెట్ పోతుంది.

నా వంతు నాకు ఇచ్చారా? స్టీరియోలో సబ్‌వూఫర్ ఆన్ చేసి, పై శబ్దాలను ఆపే లో-పాస్ ఫిల్టర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి మొదలుపెట్టండి. ముందు, వెనక స్పీకర్లకు శబ్దాన్ని పంచే ఫేడర్ పూర్తిగా ముందుకు జరిపి ఉంటే, వెనక చానల్ నుంచి బేస్ తీసుకునే కారులో వూఫర్‌కు ఏమీ మిగలదు. ఫేజ్ అన్న సెట్టింగును 0 దగ్గర ఒకసారి, 180 దగ్గర ఒకసారి పెట్టి డ్రైవర్ సీట్లో కూర్చుని వినండి. ఎక్కడ దరువు నిండుగా ఉంటే అదే సరైనది. తలుపుల స్పీకర్లు గాలిని ముందుకు తోస్తున్నప్పుడు వూఫర్ వెనక్కి లాగితే, రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి.

టేపు చుట్టడం పని కాదు

మా ప్రాంతం ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఊరి పేరులోనే కొలిమి ఉంది. మే నెలలో ఎండలో నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టలేం. ఆ వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది. నాపరాళ్ల ఫ్యాక్టరీల దుమ్ము సందుల్లోకి చేరుతుంది. గతుకుల్లో వైర్లు ఒరుసుకుంటాయి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఒకరోజు వదులవుతుంది, లేదా పక్కదానికి తగిలి ఫ్యూజు కొట్టేస్తుంది. ఫ్యూజు తీసి తీగ చుట్టిన కారైతే మంటే. అందుకే అతుకును క్రింప్ చేయాలి, లేదా టంకం పెట్టి, వేడికి బిగుసుకునే గొట్టం తొడగాలి. బావ కారులోనూ అదే చేశాం. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీయాలి. ఎయిర్‌బ్యాగ్‌లవి పసుపు కప్లర్లు. వాటి జోలికి అసలు పోకూడదు.

ఈ పని చేసేవాళ్ల నైపుణ్యం మీద గౌరవంతోనే ఇదంతా చెబుతున్నా. రోజంతా సీట్ల కింద వంగి, వైరు వైరూ వెతికి మోగించే మేస్త్రీలు మన టౌన్లలో ఉన్నారు. వాళ్లకు కావాల్సింది టైము. ‘అర్ధగంటలో అయిపోవాలి’ అని మీద కూర్చునేది మనమే. ఆ తొందరలోనే నీలం-తెలుపు వైరు టేపులో చుట్టుకుపోతుంది.

షాపుకు వెళ్లే ముందు

పాత స్టీరియో ఉండగానే అందరి ముందూ పాట పెట్టి వూఫర్ మోగుతోందని చూపించండి.

కంపెనీ ఆంప్లిఫయర్ ఎక్కడుంది, అది ఏ స్పీకర్లను నడుపుతుంది, దాన్ని ఎట్లా లేపుతారు అని అడగండి. జవాబు వచ్చాకే పని ఒప్పుకోండి.

కారు సొంత కప్లర్ కోయనివ్వకండి. మోడల్‌కు సరిపడే కప్లర్ తెప్పించమనండి. కోత పడితే వారంటీకీ చిక్కే.

ఏసీ, కెమెరా, కారు సెట్టింగులు అన్నీ కంపెనీ స్క్రీన్‌లోనే ఉన్న కొత్త కారైతే స్క్రీన్ మార్చే ఆలోచన మానుకోవడమే మేలు.

పని అయ్యాక ఎఫ్‌ఎం, ఫోన్ పాట రెండూ పెట్టి వినండి. ఇంజన్ ఆన్ చేసి వినండి. యాక్సిలరేటర్‌తో పాటు పెరిగే సన్నని కూత వినిపిస్తే ఎర్త్ మళ్లీ చూడమనండి.

ఆ సాయంత్రం బావ పాత స్టీరియోను గుడ్డలో చుట్టాడు. దాని స్క్రూలను చిన్న కవర్లో వేసి మూతి కట్టాడు. రెండూ కలిపి అటక మీద పెట్టాడు. “రేపు బండి అమ్మినా, కొనుక్కున్నోడికి ఇది కూడా ఇయ్యాలప్పా” అన్నాడు. మధ్యాహ్నం వూఫర్‌ను పారేయడానికి సిద్ధపడిన మనిషి ఆయనే. తర్వాత గుర్తొచ్చి, ఆగిపోయిన గోడ గడియారంలో సెల్లు మళ్లీ వేసి, టైము సరిచేశాడు.